గేజి రాయి



మనాలి వెళ్లొచ్చానని ఎవరితోనైనా అంటే, "ఆ, మేమూ వెళ్లాం కదండీ" అంటారు. హిడింబ గుడి, మాల్ రోడ్డు, సోలాంగ్‌లో రోప్‌వే, అద్దెకు తీసుకున్న పొడుగు కోటూ రబ్బరు బూట్లతో మంచులో ఓ ఫోటో. మొదటిసారి నేనూ అదే చేశాను. ఆ కోటు నాకంటే ముందు ఎంతమంది ఒంటిమీద తిరిగిందో దాని వాసనే చెప్పింది. ఆ సంగతి వదిలేయండి. ఈ రాత్రి నేను చెప్పబోయేది రెండోసారి వెళ్లినప్పటి ముచ్చట. సోలాంగ్ దగ్గర చాలా బండ్లు ఆగిపోతాయి చూడండి, అక్కడ ఆగకుండా ఇంకా పైకి పోతే ఒక చిన్న చెరువు ఉంది. పేరు బియాస్ కుండ్. పొద్దున బయలుదేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. మనవాళ్లు అటువైపు వెళ్లడం తక్కువ.

ముందు నా సంగతి ఒక్క ముక్క చెప్పాలి. నేను నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్ల పైన పనిచేసి రిటైరైనవాణ్ణి. కాలువలు, తూములు, గేట్లు, ఇదే నా బతుకు. గేజి దగ్గర నిలబడి మట్టం చూడడం, టైము వేసి పుస్తకంలో రాయడం, మట్టం పెరిగితే కింద కాలువ కాపలా ఉండే లష్కరుకు కబురు పెట్టడం. నది ఎక్కడ ఆగుతుందో నాకు బాగా తెలుసు, ఆపినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఎక్కడ మొదలవుతుందో మాత్రం ఉద్యోగంలో ఉండగా ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు.

పైగా మన కృష్ణా గోదావరులు వానకు పుట్టిన నదులు. వాటికి ఋతువుంది గానీ వేళ లేదు. పడమటి కనుమల్లో వాన పడితే వస్తాయి, పడకపోతే ఇసుక. మంచు కరిగి వచ్చే నది సంగతి వేరు, దానికి రోజులో ఒక వేళ ఉంటుందని పుస్తకంలో చదివాను. ఆ వేళ ఏమిటో కళ్లారా చూడాలనిపించింది. "మోకాళ్లకు నూనె రాసుకునే వయసులో మీకిదేం సరదా?" అంది మా ఆవిడ. అని, తానే సంచిలో చపాతీలూ మాగాయీ కట్టి పెట్టింది.

నడకకు ముందురోజు సాయంత్రం మనాలికి ఎదురుగా, బియాస్ నదికి అవతలి గట్టున ఉన్న వసిష్ఠ్ అనే ఊరికి వెళ్లాను. అక్కడ వసిష్ఠ మహర్షి గుడి, దాని పక్కనే వేడినీళ్ల గుండాలు ఉన్నాయి. నేలలోంచి ఉబికే గంధకపు వాసన నీళ్లు. మర్నాటి నడక తలచుకుని ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే, ఆదిపర్వంలో కథ గుర్తొచ్చింది. అంగారపర్ణుడనే గంధర్వుడు అర్జునుడికి చెప్పే కథ, నన్నయగారి భారతంలోనూ ఉంది.

కల్మాషపాదుడనే రాజు రాక్షసావేశంలో వసిష్ఠుడి కొడుకులను, పెద్దవాడు శక్తితో మొదలుపెట్టి నూరుగురినీ తినేస్తాడు. వసిష్ఠుడు ఎంత జ్ఞానైతేనేం, తండ్రి కదా. చచ్చిపోదామనుకుంటాడు. మేరువు మీద నుంచి దూకితే కింద దూదిలా తగులుతుంది. నిప్పులో దూకితే కాలడు. సముద్రంలో దూకితే అల ఒడ్డున పడేస్తుంది. చివరికి వరదమీదున్న ఒక నది దగ్గరికి వచ్చి, తాళ్లతో తన ఒళ్లంతా కట్టేసుకుని దూకుతాడు. నది ఆ తాళ్లు తెంపి, ఆయన్ని గట్టుకు చేరుస్తుంది. పాశాలు విప్పింది కనుక విపాశ అని ఆయనే దానికి పేరు పెట్టాడట. ఆ విపాశే ఇప్పటి బియాస్. తర్వాత ఇంకో నదిలో దూకితే అది ఈయన్ని చూసి నూరు పాయలై చెదిరిపోయింది. అది శతద్రువు, ఇప్పటి సట్లెజ్.

ఆ తర్వాత ఆశ్రమానికి తిరిగి వెళ్తుంటే వెనక నుంచి వేదం చదువుతున్న గొంతు వినిపిస్తుంది. చూస్తే శక్తి భార్య అదృశ్యంతి. ఆమె కడుపులో బిడ్డ చదువుతున్నాడు. వంశం మిగిలిందని తెలిసి అప్పుడు చావు ఆలోచన మానుకున్నాడు. ఆ బిడ్డ పరాశరుడు. పరాశరుడి కొడుకు వ్యాసుడు. రేపు నేను వెళ్లబోయే చెరువు పేరులోని బియాస్ ఆ వ్యాసుడేనంటారు. ఆయన అక్కడ స్నానం చేసేవాడని ఆ చుట్టుపక్కలవాళ్ల నమ్మకం. అంటే ముత్తాత కింద వేడినీళ్ల దగ్గర, మునిమనవడు పైన మంచు దగ్గర.

ఇక్కడ మా శాఖవాళ్లకు మాత్రమే నవ్వొచ్చే సంగతి ఒకటుంది. వసిష్ఠుడు దూకిన ఆ రెండు నదులనూ మన ఇంజినీర్లు కలిపేశారు. మనాలికి చాలా దిగువన పండో దగ్గర బియాస్‌కు ఆనకట్ట కట్టి, 13 కిలోమీటర్ల సొరంగం, తర్వాత దాదాపు 12 కిలోమీటర్ల కాలువ, మళ్లీ 12 కిలోమీటర్లు దాటిన ఇంకో సొరంగం, అలా నీళ్లు తీసుకెళ్లి సట్లెజ్‌లో పడేస్తారు. పడేచోట 990 మెగావాట్ల విద్యుత్ కేంద్రం. 1977 నుంచి నడుస్తోంది. దూకితే ఒడ్డున పడేసిన నదులని వసిష్ఠుడికి తెలుసు గానీ, ఒకదాంట్లో దూకితే రెండోదాంట్లో తేలొచ్చని ఆయనకు తెలియదు.

సరే, నడక. జూన్ నెల చివరి వారం. తెల్లవారుజామున అయిదింటికి టాక్సీలో బయలుదేరి పల్చాన్, సోలాంగ్ దాటి ధుండీ చేరాం. ధుండీ ఊరు కాదు, 2,850 మీటర్ల ఎత్తులో ఒక మలుపు. దాని పక్కనే అటల్ టన్నెల్ దక్షిణ ముఖం ఉంది. 2020 అక్టోబరులో తెరిచిన 9 కిలోమీటర్ల సొరంగం, ఇటు దూరితే అటు లాహౌల్ లోయలో తేలతాం. దాన్ని తవ్వేటప్పుడు సేరీ నాలా అనే వాగు కిందికి వచ్చేసరికి పైకప్పులోంచి నీళ్లూ బురదా కురిసి, ఆరు వందల మీటర్లు కూడా లేని ఆ ముక్క దాటడానికి ఏళ్లు పట్టింది. ఈ కొండల్లో నీళ్లకు చెప్పకుండా ఏ పనీ జరగదు.

ఎత్తు సంగతి అంకెల్లో చెబితే తలకెక్కదు కనుక ఇలా చెబుతాను. మన తూర్పు కనుమల్లో పెద్ద శిఖరమైన జిందగడ 1,700 మీటర్ల లోపే. మనాలి బజారు 2,050. అంటే మన కొండలన్నిటికంటే ఎత్తున వాళ్లు కూరగాయలు బేరమాడుతున్నారు. నేను వెళ్లాల్సిన చెరువు 3,700 దగ్గర. అక్కడ ఊపిరికి దొరికే ప్రాణవాయువు, మన సముద్రతీరంలో దొరికేదాంట్లో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. అందుకని మనాలిలో రెండు రాత్రులు పడుకోకుండా ఎక్కొద్దు. దిగినరోజే ఎక్కుదామనుకునేవాళ్లకు తలనొప్పి, వాంతులు దారిలోనే మొదలవుతాయి. అప్పుడు చేయాల్సిన వైద్యం ఒక్కటే, వెనక్కి దిగడం.

వెంట ఒక స్థానిక కుర్రాడు వచ్చాడు. నన్ను "అంకుల్‌జీ" అంటాడు. నా హైదరాబాదు హిందీలో ఒక "నక్కో" పడేసరికి పగలబడి నవ్వాడు. ఆ తర్వాత దారంతా, టీ కావాలా అంటే నక్కో, ఆగుదామా అంటే నక్కో, వాడికి అదే ఆట అయిపోయింది.

మొదటి గంటన్నర నది పక్కనే నడక. గడ్డి, బండరాళ్లు, అక్కడక్కడ భోజవృక్షాలు. పూర్వం మనవాళ్లు రాసుకున్న భూర్జపత్రం ఈ చెట్టు బెరడే. కాగితపు పొరల్లా ఊడి వస్తోంది. ఊడదీయకండి, గాలికే ఊడినది కింద చాలా ఉంటుంది. పక్క కొండల నుంచి నాలాలు వచ్చి నదిలో పడుతుంటాయి. వాగును అక్కడ నాలా అంటారు. మన ఊళ్లో నాలా అంటే ముక్కు మూసుకుంటాం, అక్కడ దోసిలి పడతాం.

ఏడు ఇరవైకి అలాంటి నాలా ఒకటి అడ్డం వచ్చింది. వంతెన లేదు. రాళ్ల మీద అడుగులేసుకుంటూ దాటేశాం, బూటు కూడా తడవలేదు. దాటేముందు ధుండీ వైపు గట్టు దగ్గర నీళ్లలో ఒక చదునైన రాయి చూశాను. దాని పైభాగం పొడిగా, నీటికి జానెడు ఎత్తున నిలబడింది. పాత జబ్బు ఊరుకోదు కదా. అదే నా గేజి అనుకున్నాను. ఆనవాలుగా దానిపైన ఒక తెల్ల గులకరాయి పెట్టి, నోటుబుక్కులో టైము, మట్టం రాసుకున్నాను. కుర్రాడు పూజేమో అనుకుని తానూ ఒక రాయి పెట్టి దణ్ణం పెట్టాడు.

ఎనిమిదిన్నరకు బకర్‌థాచ్ చేరాం. బకర్ అంటే మేక, థాచ్ అంటే కొండమీది పచ్చిక. 3,300 మీటర్ల దగ్గర, చుట్టూ మంచుకొండల మధ్య విశాలమైన గడ్డి మైదానం. ఎదురుగా హనుమాన్ టిబ్బా, 5,900 మీటర్ల పైమాట. ఇంకోపక్క ఫ్రెండ్‌షిప్ అనే శిఖరం. మనాలిలో 1961 నుంచి ఉన్న పర్వతారోహణ సంస్థవాళ్లు శిక్షణకు కుర్రాళ్లను తీసుకొచ్చేది ఈ చుట్టుపక్కలకే. చాలామంది ఇక్కడ గుడారం వేసి ఒకటి రెండు రాత్రులు ఉంటారు. అదే సుఖం. నాలాగా ఒక్కరోజులో పోయిరావాలంటే పదిగంటల నడకకు సిద్ధపడాలి.

అక్కడ గద్దీలు కనిపించారు. కాంగ్డా, చంబా వైపు నుంచి గొర్రెలనూ మేకలనూ తోలుకుని ఎండాకాలం ఈ పచ్చికలకు ఎక్కి, చలికాలం కిందికి దిగిపోయే కాపరులు. ఉన్ని కోటు, నడుముకు చుట్టలు చుట్టలుగా ఉన్నితాడు. కుక్కలు మటుకు ఎలుగుబంటి సైజులో ఉంటాయి, కాపరి పిలిచేదాకా దగ్గరికి పోవద్దు. ఒక ముసలాయన రాతి పొయ్యి మీద కాచిన మేకపాల టీ ఇచ్చాడు. నేను నాలా గురించి అడిగాను. ఎప్పుడు పెరుగుతుంది, ఎంత పెరుగుతుంది అని. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, "మంద దాటాలంటే ఎండ కొండ దిగకముందే దాటిస్తాం. ఆలస్యమైతే అవతలే పడుకుంటాం" అన్నాడు. అంతే. మా శాఖలో ఈ ముక్క చెప్పడానికి నాలుగు పేజీల సర్క్యులరు వేస్తారు.

బకర్‌థాచ్ దాటాక గడ్డి అయిపోతుంది, రాళ్లు మొదలవుతాయి. మామూలు రాళ్లు కావు. ఒకప్పుడు హిమానీనదం కిందిదాకా ఉండేది. అది కొండను గీరుకుంటూ, పక్కలకూ ముందుకూ తోసుకుంటూ తెచ్చిన రాళ్లు అది వెనక్కి తగ్గాక గుట్టలుగా మిగిలాయి. మొరైన్ అంటారు. ఇల్లంత బండ పక్కన కుండంత రాయి, దాని సందులో ఇసుక. ఏదీ కుదురుగా ఉండదు. కాలు పెట్టేముందు కర్రతో తట్టి చూడాలి. ఇరవై అడుగులు వేయడం, నిలబడి రొప్పడం, మళ్లీ ఇరవై. ఆ రాళ్ల మధ్యనే, ఎవరూ నాటని చోట, లేత నీలం రేకులతో ఒక పువ్వు. తొడిమ నిండా ముళ్లు. హిమాలయపు నీలి గసగసాల పువ్వు అది. ఊపిరి అందక ఆగాను గనుక కనిపించింది, లేకపోతే దాటిపోయేవాణ్ణి.

పదకొండున్నరకు చివరి గుట్ట అంచు ఎక్కితే, కింద గిన్నెలాంటి పల్లంలో చెరువు.

నిజం చెప్పాలంటే మొదటి చూపులో నిరాశే. ఇంతేనా అనిపించింది. మా ఊరి కుంట దీనికంటే పెద్దది. సగం మీద ఇంకా మంచు పరుచుకుని ఉంది. మిగతా సగంలో నీళ్లు, అంచుల్లో బియ్యం కడిగిన కడుగులా తెల్లగా, నడిమికి పోయేకొద్దీ ఆకుపచ్చ కలిసిన నీలం. ఆ తెలుపు మురికి కాదు. హిమానీనదం కదులుతూ కింది రాతిని అరగదీస్తే వచ్చిన రాతిపిండి. మన తిరగలి పిండికంటే మెత్తన, అందుకే అడుక్కి దిగకుండా నీళ్లలో తేలుతూ ఉంటుంది. దానిమీద వెలుగు పడి చెదిరినప్పుడు ఆ నీలం రంగు పుడుతుంది. దారిలో నాలా నీళ్లు తేటగా ఉంటే ఊటదో నిరుటి మంచుదో అనుకోవచ్చు, కడుగులా ఉంటే పైన హిమానీనదం ఉందన్నమాట. మా కుర్రాడు సీసా నింపేది తేటనీళ్ల దగ్గరే.

ఇదే బియాస్ పుట్టుక అంటే ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. రోహ్‌తాంగ్ కనుమ దగ్గర బియాస్ రిషి అనే చోటు ఉంది, అదే అసలుదని వాళ్లంటారు. రెండు పాయలూ పల్చాన్ దగ్గర కలుస్తాయి. పుట్టిన చోటి నుంచి పంజాబులో హరికే దగ్గర సట్లెజ్‌లో కలిసేదాకా, మొత్తం 470 కిలోమీటర్లు. అలెగ్జాండరు సైన్యం ఇక ముందుకు రామని మొండికేసి వెనుదిరిగింది ఈ నది ఒడ్డునే. ఏది అసలు పుట్టుకో ఆ తగవు నేను తీర్చలేను. చెరువు అంచున కూర్చుని చపాతీ విప్పాను.

మధ్యాహ్నం పన్నెండయింది. ఎండ చుర్రుమంటోంది. అప్పటిదాకా నిశ్శబ్దంగా ఉన్న చోట నలుమూలల నుంచీ చప్పుడు మొదలైంది. మంచు కింద నుంచి నీళ్లు కారే చప్పుడు. ఒకచోట బొట్టు బొట్టుగా, ఒకచోట ధారగా, ఎక్కడో లోపల పెద్ద గొట్టంలోంచి పోతున్నట్టు. ఈ నీళ్లన్నీ కలిసి కిందికి చేరడానికి గంటలు పడుతుంది. అందుకే ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు కాక, పొద్దు వాలుతున్నప్పుడు నాలా నిండుగా ఉంటుంది. రాత్రి చలికి కరగడం తగ్గి, తెల్లారేసరికి సన్నబడుతుంది. మర్నాడు మళ్లీ. ఎండ ఉన్న ప్రతిరోజూ ఇదే వరస. దీన్ని చూడడానికే ఇంత దూరం వచ్చాను.

చూస్తుంటే ఇంకో జూను నెల గుర్తొచ్చింది. మీలో చాలామందికి ఈ నది పేరు మొదట తెలిసింది ఆ రోజే అయివుంటుంది. 2014 జూన్ 8, ఆదివారం సాయంత్రం. హైదరాబాదు నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థులు మనాలి దారిలో, మండి జిల్లా థలోట్ దగ్గర బస్సు దిగి, నదిలో బయటపడ్డ బండల మీదికి వెళ్లారు. నీళ్లు తక్కువగా ఉన్నాయి. పైన లార్జీ ఆనకట్ట. 126 మెగావాట్ల ప్రాజెక్టు. దాని గేట్లు ఎత్తారు. ఇరవై నలుగురు విద్యార్థులు, వాళ్లతో వచ్చిన యాత్ర నిర్వాహకుడొకరు కొట్టుకుపోయారు. ఆ రాత్రి టీవీ ముందు కూర్చుని నేను ఆ దృశ్యం ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. ఇంట్లోవాళ్లు కట్టేయమన్నా కట్టలేదు. నేను చూస్తున్నది పిల్లలను మాత్రమే కాదు, వాళ్ల పక్కనున్న రాళ్లను. ఎంత వేగంగా మునుగుతున్నాయో లెక్క వేస్తున్నాను.

పిల్లలు నదిలోకి ఎందుకు దిగారని అప్పుడు చాలామంది అన్నారు. నేను ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆ గద్దీ ముసలాయనకు నాలా వేళ తెలుసు, ఎందుకంటే దాన్ని నడిపేది ఎండ. ఆనకట్ట దిగువన నదిని నడిపేది ఎండ కాదు. కరెంటు ఎంత కావాలి, జలాశయంలో మట్టం ఎంతుంది, ఏ గేటు ఎంత ఎత్తాలి, ఇవి కంట్రోలు గదిలో ఉన్నవాడికి తప్ప గట్టున నిలబడ్డవాడికి ఏం చూసి తెలుస్తాయి? ఆకాశం చూస్తే తెలియదు. నీళ్ల రంగు చూస్తే తెలియదు. తెలిసే దారి ఒక్కటే, పైనున్నవాడు చెప్పడం. సైరనో, మైకో, లష్కరు కేకో. నా ఉద్యోగం మొత్తంలో ఎత్తిన గేట్ల లెక్క నాకు గుర్తులేదు. ప్రతిసారీ కింద ఎవరున్నారో కనుక్కున్నానా అని ఆ చెరువు గట్టున కూర్చుని ఒక్కొక్కటే తలుచుకున్నాను. కనుక్కున్నాననే అనుకుంటున్నాను.

కొడుకులు పోయిన తండ్రిని ఈ నదే ఒకప్పుడు గట్టుకు చేర్చిందని ముందురోజు వేడినీళ్లలో కూర్చుని కథ చెప్పుకున్నవాణ్ణి. ఇక్కడ ఆ కథ మళ్లీ తలచుకోబుద్ధి కాలేదు.

కుర్రాడు గడియారం చూపించాడు. పన్నెండుంబావు. దిగడం మొదలుపెట్టాం.

ఎక్కడం ఊపిరికి కష్టం, దిగడం మోకాళ్లకు. బకర్‌థాచ్ చేరేసరికి రెండయింది. గద్దీల మంద పొద్దున్న ఉన్న గట్టునే, కదలకుండా పడుకుని ఉంది. ఇంకో నలభై నిమిషాలు నడిచామో లేదో, నాలా కనిపించకముందే దాని హోరు వినిపించింది. పొద్దున అది గలగలమన్నది. ఇప్పుడు లోపల రాళ్లు దొర్లుతున్న చప్పుడు కూడా ఉంది. నీళ్లు తేటగా లేవు.

పొద్దున అడుగులేసిన రాళ్లు ఒక్కటీ కనిపించలేదు. ఇలాంటప్పుడు ఇరుకైన చోట దూకి దాటాలనిపిస్తుంది, అది తప్పు. ఇరుకు దగ్గరే లోతూ వేగమూ. కుర్రాడు నన్ను గట్టు వెంబడి పైకి తీసుకెళ్లాడు. వాగు వెడల్పుగా పరుచుకున్న చోట, సంచి నడుము బెల్టు విప్పుకుని, బూట్లు తీయకుండా, ఎదురువాలుగా, ఒకరి చేయి ఒకరు పట్టుకుని దాటాం. మోకాలి లోతు. పది అడుగుల దూరం. కాళ్లు ఉన్నాయో లేవో తెలియనంత చలి.

గట్టెక్కాక బూట్లలో నీళ్లు ఒంపి, మళ్లీ కిందికి, పొద్దున దాటిన చోటికి నడిచాను. కుర్రాడు వద్దంటూనే వెంట వచ్చాడు. నా రాయి ఉన్న చోట నీళ్లు ఒక మడత పడి లేస్తున్నాయి, అంతే. గులకరాయి లేదు, వాడు దణ్ణం పెట్టిన రాయీ లేదు. ఇవతలి గట్టు నుంచి వంగి, చేతికర్ర చాపి దించి చూశాను. రాయి తగిలింది. దానిమీద మరో నాలుగు వేళ్ల నీళ్లు.

నోటుబుక్కు తీసి రాసుకున్నాను. మధ్యాహ్నం 2 గంటల 50 నిమిషాలు. గేజి మునిగింది. రాసి, పాత అలవాటు కొద్దీ, కిందివాళ్లకు చెబుదామని జేబులోంచి ఫోను తీశాను. అక్కడ సిగ్నల్ లేదు.